అన్న మాట వెనక్కి తీసుకోవచ్చా? ఆన్‌లైన్ చర్చల్లో కామెంట్ తీసేయడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దలన్నారు. వాళ్ల కాలానికి డిలీట్ బటన్ లేదు. ఇప్పుడుంది. అందుకే దాన్ని ఎవరు, ఎప్పుడు, ఎంతవరకు నొక్కవచ్చన్న తగవు ఏ చర్చలో చూసినా మళ్లీ మళ్లీ లేస్తోంది. కొత్తగా చేరినవాళ్లు తెలియక అడుగుతారు, పాతవాళ్లు కోపం వచ్చిన రోజు అడుగుతారు. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పుకురావడం ఎందుకని అన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తి. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. తీర్పు చెప్పాల్సిన చోట నాకు తోచిన తీర్పే చెప్పాను, ఒప్పుకోవాలనేం లేదు.

## పంపకముందు

నేను రాసింది నాదే కదా, నాకిష్టమైనప్పుడు తీసేసుకుంటే మధ్యలో ఎవరికేంటి?

రాసింది మీదే, అందులో అనుమానం లేదు. కానీ దాని కింద ఇంకొకరు గంట కూర్చుని రాసిన జవాబు మీది కాదు. మీ ప్రశ్న పోతే ఆ జవాబు మొండెంలా మిగులుతుంది. కాబట్టి నేను గీత గీసేది "ఎవరు రాశారు" అన్నచోట కాదు, "దాని మీద ఎవరైనా ఏమైనా కట్టారా" అన్నచోట. ఎవరూ స్పందించని కామెంట్‌ను ఏ సంజాయిషీ లేకుండా తీసుకుపోవచ్చు. స్పందన వచ్చాక కూడా మీ పేరును, మీ మాటలను వెనక్కి తీసుకునే హక్కు మీకుండాలి. అక్కడ ఒకరు ఏదో అన్నారన్న ఆనవాలును చెరిపే హక్కు మాత్రం ఉండకూడదు.

ఎదురుగా కూర్చుని అన్న మాటను ఎవరూ చెరపలేరు కదా, ఇక్కడ మాత్రం ఎందుకు అనుమతించాలి?

ఎదురుగా అన్న మాటను చెరపలేం, నిజమే. కానీ విన్నవాళ్లు మరిచిపోతారు. నలుగురి మధ్య అన్న మాట ఆ నలుగురితోనే ఆగుతుంది, అన్నప్పటి గొంతు, నవ్వు, సందర్భం కూడా వాళ్లకు తెలుసు. తెర మీద పడిన మాటకు ఆ రక్షణలేవీ లేవు. పదేళ్ల తర్వాత ముక్కూ మొహం తెలియని మనిషి వెతికి తీసి, పై కింది వాక్యాలు కత్తిరించి చూపించవచ్చు. మనుషుల మరుపు చేసిపెట్టే పనిని ఇక్కడ ఏదో ఒకటి చెయ్యాలి, ఆ ఏదో ఒకటే ఉపసంహరణ.

డిలీట్, ఎడిట్, వెనక్కి తీసుకోవడం మూడూ ఒకటే కాదా?

కాదు. డిలీట్ చేస్తే మాట కనబడకుండా పోతుంది. ఎడిట్ చేస్తే పాత మాట స్థానంలో కొత్త మాట కూర్చుంటుంది. వెనక్కి తీసుకోవడమంటే "ఇది నేనన్నాను, ఇప్పుడు దీనికి కట్టుబడి లేను" అని చెప్పడం, దానికి పాత మాట కనబడుతూనే ఉండవచ్చు. ఈ మూడింటిలో నాకు ఎక్కువ భయం డిలీట్ అంటే కాదు, గుట్టుగా చేసే ఎడిట్ అంటే. తీసేసిన చోట కనీసం ఖాళీ కనిపిస్తుంది. మార్చేసిన చోట ఏమీ జరగనట్టే ఉంటుంది.

## పంపిన మొదటి నిమిషాలు

పంపగానే తప్పు కనబడింది. ఎంతసేపట్లో దిద్దుకోవచ్చు?

ఒక్కోచోట ఒక్కో లెక్క. వాట్సాప్‌లో ఎడిట్‌కు 15 నిమిషాలు, అందరికీ డిలీట్ చేయడానికి రెండు రోజుల పైచిలుకు. ఈ డిలీట్ గడువు 2017లో మొదలైనప్పుడు 7 నిమిషాలే, 2022లో ఇంత పెరిగింది. ఐఫోన్ మెసేజ్‌లలో పంపింది రద్దు చేయడానికి 2 నిమిషాలు, దిద్దడానికి 15 నిమిషాలు, అదీ ఐదుసార్ల వరకే. సిగ్నల్‌లో 24 గంటల్లోపు పదిసార్లు దిద్దవచ్చు. ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లోలో కామెంట్ దిద్దడానికి 5 నిమిషాలే. టెక్ సంగతులు చర్చించుకునే హ్యాకర్ న్యూస్‌లో రెండు గంటలు దిద్దవచ్చు, కానీ ఎవరైనా జవాబిచ్చారంటే తీసేసే వీలు పోతుంది. ఇన్నింటిలో నాకు నచ్చింది ఈ చివరిదే. గడియారాన్ని మాత్రమే కాకుండా, అవతల ఒక మనిషి ఉన్నాడా లేడా అని కూడా చూస్తుంది.

ఈ గడువులు ఇంత తేడాగా ఎందుకున్నాయి? అందరూ ఒకే లెక్క పెట్టుకోవచ్చుగా?

గడువు పెరిగేకొద్దీ రాసినవాడికి సుఖం, చదివినవాడికి ప్రమాదం. ఆపిల్ 2022లో ఈ సదుపాయం తెస్తూ ప్రయోగ దశలో రద్దుకు 15 నిమిషాలు ఇచ్చింది. వేధింపులకు గురయ్యేవాళ్ల తరఫున పనిచేసేవారు అభ్యంతరం చెప్పారు. బెదిరింపు పంపి, అవతలి మనిషి చదివి వణికాక, సాక్ష్యం లేకుండా లాగేసుకోవచ్చు కదా అన్నారు. విడుదలయ్యేసరికి గడువు 2 నిమిషాలకు తగ్గింది, దిద్దిన మెసేజ్‌లకు పాత రూపాలు చూసే వీలూ వచ్చింది.

టెలిగ్రామ్ దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టింది. 2019 నుంచి ఇద్దరి మధ్య సంభాషణలో ఎవరైనా, ఎప్పుడైనా, ఏ మెసేజ్‌నైనా ఇద్దరి దగ్గరా తీసేయవచ్చు. అవతలివాళ్లు రాసింది కూడా. ఆనవాలు కూడా మిగలదు. ఏకాంతాన్ని కాపాడటానికే అన్నది వాళ్ల వాదన. నా ఫోన్‌లో ఉన్న, నేను రాసిన మాటను ఇంకొకరు చెరపడం ఏకాంతం ఎలా అవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

"ఈ మెసేజ్ డిలీట్ చేయబడింది" అని చూపించడం ఎందుకు? అదే ఎక్కువ అవమానంగా ఉంది.

ఆ వాక్యం మిమ్మల్ని వేలెత్తి చూపడానికి కాదు, అవతలివాళ్లు తమ కళ్లను తామే అనుమానించకుండా ఉండటానికి. నోటిఫికేషన్‌లో సగం చదివి తెరిచి చూస్తే ఏమీ లేకపోతే, చదివిందే భ్రమేమో అనిపిస్తుంది. మామూలు పొరపాటైతే పక్కనే "వేరే గ్రూపుకు పోవాల్సింది ఇక్కడ పడింది" అని ఒక ముక్క రాస్తే చాలు. ఆ ముక్క రాయనప్పుడే ఏం పెట్టి తీసేశారోనని ఊహలు మొదలవుతాయి, అవి అసలు మెసేజ్ కన్నా రంగురంగులుగా ఉంటాయి.

ఈమెయిల్ కూడా వెనక్కి తీసుకోవచ్చా?

అవతలి మనిషి పెట్టెలో పడ్డాక, లేదు. జీమెయిల్‌లో ఉన్న రద్దు నిజానికి వెనక్కి తీసుకోవడం కాదు, 5 నుంచి 30 సెకన్ల వరకు పంపకుండా ఆపి ఉంచడం. అవుట్‌లుక్‌లోని రీకాల్ ఒకే సంస్థ మెయిల్ వ్యవస్థ లోపల పనిచేస్తుంది. బయటివాళ్లకు మీ మెయిల్ అందుతుంది, ఒక్కోసారి రీకాల్ చేయబోయిన సంగతీ తెలిసిపోతుంది.

## జవాబులు వచ్చాక

అక్షరదోషం దిద్దినా చెప్పాలా?

అక్కర్లేదు. అర్థం మారితేనే చెప్పాలి. "లేదు" అన్నది "లేదా" అయితే అది అక్షరదోషం కాదని గుర్తుంటే చాలు.

జవాబులు వచ్చాక మాట మార్చేస్తే నష్టమేంటి? సరైనదే పెడుతున్నాను కదా?

ఒక ఉదాహరణ చూడండి. కారు బ్యాటరీ మార్చడం గురించి చర్చ. మొదటి మనిషి "ముందు పాజిటివ్ తీగ విప్పండి" అని రాశారు. రెండో మనిషి వచ్చి "అది తప్పండీ. ముందు నెగటివ్ విప్పాలి. పాజిటివ్ విప్పుతుండగా స్పానర్ పొరపాటున కారు బాడీకి తగిలిందంటే షార్ట్ అవుతుంది" అన్నారు. మొదటివారు నాలుక కరుచుకుని, చడీచప్పుడు లేకుండా తన వాక్యాన్ని "ముందు నెగటివ్ తీగ విప్పండి" అని దిద్దేశారు.

ఇప్పుడు కొత్తగా చదివేవాళ్లకు ఏం కనిపిస్తుంది? ఒకరు నెగటివ్ అన్నారు, ఇంకొకరు "అది తప్పు, నెగటివ్" అన్నారు. సరిగ్గా చెప్పిన మనిషి తిక్కమనిషిలా కనిపిస్తున్నారు. మూడో మనిషి వచ్చి "చదవకుండానే తప్పంటావేం?" అని ఎగతాళి కూడా చేస్తారు. సమాచారం సరైంది, న్యాయం తలకిందులైంది. దీనికి మందు చిన్నది. దిద్దిన వాక్యం కింద "ముందు పాజిటివ్ అని రాశాను, కింద చెప్పాక సరిచేశాను" అని ఒక్క వరుస. అంతకన్నా పెద్ద సంజాయిషీ ఎవరూ అడగరు.

దీనికన్నా పాడు రకం ఒకటుంది. అందరూ మెచ్చే మాట రాసి, లైకులు పోగయ్యాక దాన్ని రోత మాటగా మార్చడం. మెచ్చుకున్నవాళ్ల పేర్లన్నీ ఆ రోత కింద అలాగే ఉంటాయి. ఫేస్‌బుక్ లాంటి చోట్ల దిద్దిన కామెంట్‌కు పాత రూపాలు చూపించే వీలు పెట్టింది ఇలా ప్లేటు ఫిరాయించేవాళ్లు ఉంటారనే. వాట్సాప్‌లో "ఎడిటెడ్" అన్న గుర్తే ఉంటుంది, ముందేముందో కనిపించదు.

నా ప్రశ్నకు జవాబు దొరికింది. పని అయిపోయింది కాబట్టి ప్రశ్న తీసేయవచ్చా?

దయచేసి వద్దు. మీ పని అయింది, మీ తర్వాత అదే చిక్కులో పడేవాళ్ల పని కాలేదు. జవాబిచ్చినవాళ్లు మీ ఒక్కరి కోసమే అంత ఓపిగ్గా రాసి ఉండరు. స్టాక్ ఓవర్‌ఫ్లో దీన్ని మనుషుల మంచితనానికి వదిలేయలేదు. ఓట్లు పడిన జవాబున్న ప్రశ్నను అడిగినవారు తీసేయలేరు, అడిగినవారు అంగీకరించిన జవాబును రాసినవారు తీసేయలేరు. ప్రశ్నలో మీ ఫోన్ నంబరో, ఆఫీసు రహస్యమో పడిందంటే ఆ ముక్కను చెరిపి మిగతాది ఉంచండి.

నేను చెప్పింది తప్పని తేలింది. తీసేయాలా, ఉంచాలా?

ఉంచి కొట్టేయండి. వికీపీడియా చర్చా పేజీల్లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి ఇది: ఎవరైనా జవాబిచ్చాక మీ మాట వెనక్కి తీసుకోవాలంటే దాన్ని మాయం చేయకుండా మధ్యలో గీత లాగుతారు. గీత కింద మాట చదవవచ్చు, రాసినవారు దానికి కట్టుబడి లేరనీ తెలుస్తుంది. పక్కన "పై లెక్క తప్పు, వెనక్కి తీసుకుంటున్నాను" అని రాస్తే మర్యాదగా ఉంటుంది. గీత లాగే సదుపాయం లేనిచోట కామెంట్ మొదట్లోనే ఆ మాట రాయండి. చివర్లో రాస్తే సగం చదివి వెళ్లిపోయేవాళ్లకు అందదు.

శాస్త్ర పత్రికలదీ ఇదే దారి. టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి పరిశోధన వ్యాసాన్ని లాన్సెట్ పత్రిక 2010లో ఉపసంహరించుకుంది. వ్యాసాన్ని మాయం చేయలేదు. ఇప్పటికీ దొరుకుతుంది, పేజీల మీద ఎర్రటి అక్షరాలతో "ఉపసంహరించబడింది" అన్న ముద్రతో. పూర్తిగా తీసేసి ఉంటే, అందులో ఏముందో ఎవరికి తోచింది వాళ్లు చెప్పుకునేవాళ్లు.

ఒక్క మినహాయింపు ఉంది. మీ తప్పు ఎవరి ప్రాణానికైనా ముప్పు తెచ్చేదైతే, మందుల మోతాదులాంటిదైతే, గీత సరిపోదు. తెరను వేలితో తోసుకుంటూ పోయే మనిషి గీతను చూడకపోవచ్చు. అక్కడ మాటను తీసేసి, "ఇక్కడ తప్పు మోతాదు రాశాను, తొలగించాను" అని పెట్టండి.

అందరూ కలిసి మీద పడుతున్నారు. ఇప్పుడు తీసేస్తే తోక ముడిచినట్టేనా?

కాదు. తీసేయండి. చర్చ రికార్డు పాడవుతుందన్న బాధ్యత ఒక మనిషి మనశ్శాంతి కన్నా పెద్దది కాదు. వేధింపు మొదలైందంటే అది చర్చగా ఎప్పుడో ముగిసింది. తీసేయకముందు రెండు పనులు చేయండి. బెదిరింపులను తేదీ, పేరు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి, రేపు ఫిర్యాదుకు అవే ఆధారం. తర్వాత నిర్వాహకులకు చెప్పండి, మీ మాట తీసేసినా మిమ్మల్ని తిట్టిన జవాబులు అక్కడే ఉంటాయి, వాటిని తీయగలిగేది వాళ్లే.

ఒకరిని నొప్పించే మాట అన్నాను. తీసేస్తే క్షమాపణ చెప్పినట్టేనా?

కాదు. తీసేస్తే ఇకముందు చదవబోయేవాళ్లకు గాయం తప్పుతుంది, చదివేసిన మనిషికి ఏమీ ఒరగదు. పైగా వాళ్లు "నన్ను ఇలా అన్నారు" అని చెప్పుకోవడానికి ఆధారం కూడా పోయింది. ముందు క్షమాపణ చెప్పండి, ఏమన్నందుకో కూడా చెప్పండి, ఆ తర్వాత మాట ఉంచాలా తీయాలా అన్నది అవతలివాళ్లనే అడగండి. కొందరు తీసేయమంటారు, కొందరు ఉంచమంటారు. ఎంపిక వాళ్లకు ఇవ్వడమే ఇక్కడ మర్యాద.

నేను కోట్ చేసిన మాటను ఆయన తీసేశారు. నా కోట్ కూడా తీయాలా?

తీయక తప్పదన్న నియమం ఎక్కడా చూడలేదు. కానీ "ఇది తర్వాత తొలగించారు" అని చేర్చకుండా ఉంచడం న్యాయం కాదు. ఆ మాట ఆయన సొంత ఆరోగ్యం గురించో, కుటుంబం గురించో అయితే అడిగించుకోకుండానే తీసేయండి. ఊరందరి సంగతి గురించి చేసిన వాదనైతే ఉంచండి, జవాబు చెప్పే పని ఆయనదే.

## ఏళ్లు గడిచాక

డిలీట్ కొడితే నిజంగా పోతుందా?

మీరు చూసే చోటి నుంచి పోతుంది. పెదవి దాటితే పృథివి దాటుతుందన్నది ఇక్కడ అక్షరాలా నిజం. 1980లో మొదలైన తొలినాటి చర్చా వేదిక యూజ్‌నెట్‌లో, రాసింది రద్దు చేసే సందేశాలు ఉండేవి. ఎవరి పేరుతోనైనా వాటిని దొంగగా పంపగలగడంతో, ఇతరుల మాటలు చెరపడానికి వాడటం మొదలైంది, చాలా సర్వర్లు వాటిని పట్టించుకోవడమే మానేశాయి. అప్పట్లో రాసినవాళ్లలో ఎక్కువమంది ఆ మాటలు కొన్నాళ్లకు వాటంతటవే పోతాయనుకున్నారు. 2001లో గూగుల్ 1981 నుంచి ఉన్న యూజ్‌నెట్ సందేశాలను వెతికి చూసుకునేలా జనం ముందు పెట్టింది.

ఇప్పుడు కాపీలు ఇంకా ఎక్కువ. పాత వెబ్ పేజీలను దాచే వేబ్యాక్ మెషీన్ లాంటి భాండాగారాలు, అన్నిటికన్నా ముందు ఎవరో ఒకరి స్క్రీన్‌షాట్. ఎవరి సర్వర్ వాళ్లు నడుపుకునే మాస్టొడాన్ లాంటి చోట మీ మాట ఎన్నో సర్వర్లకు పాకుతుంది. మీరు తీసేస్తే "దీన్ని తీసేయండి" అన్న విన్నపం అక్కడికి వెళుతుంది, పాటించడం ఆ సర్వర్ల దయ. మెసేజ్‌లు మాయమైపోతాయని ప్రచారం చేసుకున్న స్నాప్‌చాట్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2014లో చర్య తీసుకుంది, ఆ మాట జనాన్ని తప్పుదోవ పట్టించేదని. అందుకని డిలీట్ పనికిరానిదనుకోకండి. ఆ తర్వాత వచ్చే వేలమందిలో ఎక్కువమంది భాండాగారాలు తవ్వరు.

చట్టప్రకారం నా మాట తీయించుకునే హక్కు ఉందా?

మీరుండే చోటును బట్టి. యూరప్‌లో 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్‌లోని 17వ అధికరణం వ్యక్తిగత సమాచారాన్ని తొలగించమని అడిగే హక్కు ఇస్తుంది. అదే అధికరణం భావప్రకటన స్వేచ్ఛకు, చట్టపరమైన అవసరాలకు మినహాయింపులూ ఇస్తుంది, కాబట్టి అడిగిందల్లా తీయాల్సిందేనని లేదు. దానికి ముందు, 2014 మేలో యూరోపియన్ న్యాయస్థానం గూగుల్ మీద ఇచ్చిన తీర్పు ఇంకో దారి చూపింది. పేరుతో వెతికినప్పుడు కాలం చెల్లిన ఫలితాలను సెర్చ్ నుంచి తీయమని అడగవచ్చు, అసలు పేజీ ఉన్నచోటే ఉంటుంది. రికార్డు పోకుండా మనిషికి ఊపిరాడనిచ్చే ఈ పద్ధతి నాకు తెలివైనదిగా అనిపిస్తుంది.

చిన్నప్పుడు రాసినవి ఇప్పుడు తల దించుకునేలా ఉన్నాయి. ఏం చేయను?

మొహమాటం లేకుండా తీయించండి. పద్నాలుగేళ్ల వయసులో రాసినదానికి ముప్పై ఏళ్ల మనిషిని నిలదీయడం ఏ చర్చకూ అవసరం లేదు. కాలిఫోర్నియాలో 2015 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న చట్టం, 18 ఏళ్ల లోపువాళ్లు తాము పెట్టినదాన్ని తీసుకునే వీలు ఉండాలంటుంది, ఇతరులు కాపీ చేసి పెట్టినవి దాని కిందికి రావు. జీడీపీఆర్ కూడా పిల్లలుగా ఉన్నప్పుడు ఇచ్చిన సమాచారాన్ని ప్రత్యేకంగా పేర్కొంటుంది.

అకౌంట్ మూసేస్తే కామెంట్లన్నీ వాటంతటవే పోతాయా?

చాలాచోట్ల పోవు, పేరు మాత్రమే పోతుంది. డిస్కార్డ్‌లో మీ మెసేజ్‌లు "తొలగించిన యూజర్" పేరుతో అలాగే ఉంటాయి. స్టాక్ ఓవర్‌ఫ్లోలో పేరు స్థానంలో ఒక అంకె వస్తుంది. రెడిట్‌లోనూ మాటలు మిగులుతాయి. అందువల్ల మాటలు కూడా పోవాలనుకుంటే ముందు వాటిని తీసి, ఆ తర్వాత అకౌంట్ మూయండి. వరస తప్పితే మళ్లీ లోపలికి వెళ్లి తీసే దారి ఉండదు. "నేను నిన్న మా అక్క పెళ్లిలో" అని మొదలయ్యే మాట మీద పేరు లేకపోయినా తెలిసినవాళ్లు పోల్చుకుంటారు, అదీ గుర్తుంచుకోండి.

కంపెనీ మీద కోపంతో నేను రాసినవన్నీ ఒకేసారి చెరిపేస్తే తప్పా?

2023 జూన్‌లో రెడిట్ బయటి యాప్‌లకు పెట్టిన ధరల మీద నిరసనగా కొందరు ఏళ్లనాటి కామెంట్లన్నీ చెరిపేశారు. 2024 మేలో స్టాక్ ఓవర్‌ఫ్లో, చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐతో ఒప్పందం ప్రకటించాక కొందరు తమ జవాబులను తుడిచేయబోతే, అక్కడి మోడరేటర్లు తిరిగి పెట్టి అకౌంట్లను కొన్నాళ్లు ఆపారు. కోపం న్యాయమైనదే కావచ్చు. కానీ కంపెనీ దగ్గర కాపీ ఉంటుంది, దెబ్బ తగిలేది అర్ధరాత్రి ఏదో చిక్కుతో అక్కడికి చేరే అనామకుడికి. కొత్తగా రాయడం మానేయండి, ఆ నిరసన కంపెనీకి తగులుతుంది.

పదవిలో ఉన్న పెద్దలకూ ఇదే హక్కు ఉండాలా?

ఇంతే ఉండకూడదు. అధికారం ఉన్నవారి మాట వల్ల జనం నిర్ణయాలు తీసుకుంటారు, దాన్ని ఎవరూ చూడనట్టు తీసేయడం జవాబుదారీతనం కాదు. నాయకులు తీసేసిన ట్వీట్లను భద్రపరుస్తూ వచ్చిన పొలిట్‌వూప్స్ అనే సైట్ 2010లో నెదర్లాండ్స్‌లో మొదలైంది. ట్విట్టర్ 2015లో దాని అనుమతి రద్దు చేసింది. ఎవరి ట్వీట్ అయినా తీసేసుకునే హక్కు అందరికీ సమానమన్నది అప్పటి వాదన. విమర్శలు వచ్చాక ఆ ఏడాది చివరికల్లా మెత్తబడింది.

కంపెనీల పెద్దల సంగతీ అంతే. ఫేస్‌బుక్ అధిపతి జుకర్‌బర్గ్ పంపిన మెసేజ్‌లు అందుకున్నవాళ్ల పెట్టెల్లోంచి మాయమైన సంగతి 2018లో బయటపడింది. అప్పటికి మామూలు జనానికి ఆ సదుపాయమే లేదు. గొడవయ్యాక, 2019లో, మెసెంజర్‌లో అందరికీ 10 నిమిషాల గడువుతో ఇచ్చారు.

లాయరు నోటీసు పంపి తీయించవచ్చా?

పంపవచ్చు, కానీ ఎంతమంది చూశారో ముందు లెక్కేసుకోండి. 2003లో అమెరికా గాయని, నటి బార్బ్రా స్ట్రైసాండ్ తన ఇల్లు కనిపిస్తున్న ఒక ఫొటో మీద దావా వేశారు. దావాకు ముందు ఆ ఫొటోను డౌన్‌లోడ్ చేసింది ఆరుసార్లు, అందులో రెండు ఆమె లాయర్లే. వార్త బయటికొచ్చాక నెల రోజుల్లో 4 లక్షల మందికి పైగా ఆ సైట్‌కు వచ్చారు.

కేసు నడుస్తోంది, సంబంధమున్న పాత మెసేజ్‌లు తీసేయనా?

ముట్టుకోకండి. సాక్ష్యం చెరిపారన్న మాట అసలు మాట కన్నా ఎక్కువ చేటు చేస్తుంది. మీ లాయరును అడగండి.

## చర్చ నడిపేవాళ్లు అడిగేవి

గడువు ఎంత పెట్టమంటారు?

జవాబు రాకముందు గడువే వద్దు. జవాబు వచ్చాక, దిద్దడానికి పదిహేను నిమిషాలు చాలు. అప్పటికే చూసిన తప్పును ఎవరైనా ఆలోపే దిద్దుతారు, ఆ తర్వాత దిద్దేది ఎక్కువగా తప్పును కాదు, పరువును. దాని తర్వాత తీసేయడానికి వీలుండాలి, ఆ చోట "రాసినవారే తొలగించారు" అన్న వరుస మిగలాలి. "నిర్వాహకులు తొలగించారు" అన్నది వేరే వాక్యంగా ఉండాలి. రెండూ ఒకే వాక్యమైతే, తనంతట తాను వెనక్కి తగ్గిన మనిషికీ, తిట్టినందుకు తీయించుకున్న మనిషికీ తేడా తెలియదు.

తీసేసిన కామెంట్ కాపీ నేను దాచుకోవచ్చా?

వేధింపు ఫిర్యాదులు తేల్చడానికి కొద్దికాలం, ముందే చెప్పి, అయితే దాచుకోవచ్చు. ఎన్నాళ్లో, ఎవరు చూడగలరో నియమాల్లో రాయండి. చెప్పకుండా దాచి, ఎప్పుడో వాదనలో ఓడిపోతున్నప్పుడు బయటికి తీశారంటే, ఇక మీ దగ్గర ఎవరూ నోరు విప్పరు.

ఒకాయన నిప్పు పెట్టే మాట రాయడం, గొడవ రాజుకోగానే తీసేయడం, ఇదే పని. ఎలా ఆపాలి?

తీసేసే హక్కును అందరికీ కత్తిరించకండి, ఆయనొక్కరి దగ్గరే ఆపండి. ఇంకోసారి జరిగినప్పుడు తీసేసిన చోట "ఇక్కడ ఫలానా వారు రెచ్చగొట్టే వ్యాఖ్య చేసి తొలగించారు" అని నిర్వాహకులుగా మీరే రాయండి, మాటను తిరిగి పెట్టకుండా. వెలుగులో ఆడటం ఇలాంటివాళ్లకు రుచించదు. మానకపోతే ఆయన కామెంట్లు మీరు చూశాకే కనిపించేలా పెట్టండి.

ఇన్నాళ్లూ ఎప్పుడైనా తీసుకోనిచ్చాం. ఇప్పుడు నియమం మారిస్తే పాత కామెంట్లకూ వర్తిస్తుందా?

వర్తింపజేయకండి. అప్పుడు రాసినవాళ్లు ఎప్పుడైనా తీసుకోవచ్చన్న ధీమాతో రాశారు. కొత్త నియమానికి ఒక తేదీ పెట్టండి, కనీసం నెల ముందు చెప్పండి. ఆ నెలలో కొన్ని పాత కామెంట్లు పోతాయి, పోనివ్వండి.